బెల్లము, బట్టీ, చట్టము: నాటుసారా చరిత్ర

ఒక మట్టి కుండ, కొంత బెల్లము, నాలుగు కట్టెలు. ఈ మూడును లేని ఇల్లు పల్లెసీమలలో అరుదు. వీటిలో దేనిని కొనుటకైనను ఎవరి అనుమతియు అక్కరలేదు. కాని వీటిని చేర్చి సారా కాచినచో అది చట్టరీత్యా నేరము. ఇంటిలో దొరకు వస్తువులతో, ఇంటిలోనే, రహస్యముగ తయారగు మత్తుపదార్థమును చట్టము ఏ మేరకు ఆపగలదు? ఇది న్యాయశాస్త్ర ప్రశ్నగ కనిపించినను, దీనిలో సగము రసాయనశాస్త్ర ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము వెదుకుటకు నెల్లూరు జిల్లా చరిత్ర మంచి ఆధారము. నెల్లూరు నుండి మద్రాసు పోవు రహదారిపై గల వెంకటాచలము, దానికి తూర్పున తాటితోపులు, సరుగుడు తోటలు నిండిన సముద్రతీరము, పడమట మెట్టప్రాంతము, ఇవన్నియు 1953 వరకు మద్రాసు రాష్ట్రములో భాగములు. సారాపై మద్రాసు ప్రభుత్వము చేసిన చట్టములన్నియు ఇక్కడ అమలు జరిగినవి. నాలుగు దశాబ్దముల తరువాత ప్రభుత్వముచేతనే సారా అమ్మకమును మాన్పించిన స్త్రీల ఉద్యమము కూడ ఈ జిల్లాలోనే పుట్టినది.

పులియుట వెనుకనున్న రసాయనము

రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవారుసరికి పొంగును. కడవలో పోసిన గంజి తరవాణిగ పులియును. తెల్లవారుజామున తీయగ నుండు తాటికల్లు ఎండ ఎక్కినకొలది ఘాటెక్కును. వీటన్నిటిలోను సూక్ష్మజీవుల పని కలదు. కల్లులోను, బెల్లపు ఊటలోను ముఖ్యముగ పనిచేయు సూక్ష్మజీవి ఈస్టు. అది చక్కెరను ఆహారముగ గ్రహించి ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడు వాయువును విడుచును.

ఈ మార్పును లెక్కకు తెచ్చిన మొదటి శాస్త్రజ్ఞుడు లవోజియే. 1789లో ప్రచురించిన తన గ్రంథములో పులియుటకు ముందు, తరువాత పదార్థముల తూకమును పోల్చి, చక్కెరయే ఆల్కహాలుగను వాయువుగను విడిపోవుచున్నదని అతడు చూపెను. ఇప్పటి లెక్క ప్రకారము 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగ పులిసినచో 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడు రావలెను. రెండును కూడిన 180. ద్రవ్యనిత్యత్వ నియమమును తరగతిలో బోధించుటకు ఇంతకన్న తేలిక ఉదాహరణ దొరకదు. ఈ మార్పు జీవకణము చేయు పని యని 1857లో పాశ్చరు నిరూపించెను. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును నూరి, కణములు లేని రసముతో కూడ చక్కెరను పులియబెట్టి, దీనికి కారణము కణములోని ఎంజైములని తేల్చెను. ఇందుకు ఆయనకు 1907లో నోబెల్ బహుమానము లభించినది.

అయితే ఈస్టు తాను విడిచిన ఆల్కహాలులో తానే బ్రతుకలేదు. ఊటలో ఆల్కహాలు నూటికి 12 నుండి 15 పాళ్లకు చేరునప్పటికి సాధారణముగ దాని పని నిలిచిపోవును. అంతకన్న గాఢమైన మద్యము కావలెనన్నచో కాచి ఆవిరిని చల్లార్చి పట్టవలెను. ఆల్కహాలు 78 డిగ్రీల సెంటీగ్రేడుకు కొంచెము పైన మరుగును, నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. ఈ వ్యత్యాసమే బట్టీకి ఆధారము. ఆవిరి చల్లబడి చుక్కలు చుక్కలుగ దిగుట చూచి అరబ్బులు దానికి చెమట అను అర్థము గల 'అరక్' అను పేరు పెట్టిరి. ఇంగ్లీషువారు సారాను 'ఆరక్' అనుట దానినుండి వచ్చినదే. ఈ ప్రక్రియకు మన పాఠ్యపుస్తకములలోని పేరు 'స్వేదనము'. స్వేదమనగా కూడ చెమటయే.

ఇందులో గమనింపదగిన సంగతి ఒకటి కలదు. ఈ రసాయన క్రియకు అరుదైన పదార్థము ఒక్కటియు అక్కరలేదు. చక్కెర గల వస్తువు ఏదైనను చాలును. ఈస్టు గాలిలోను, పండ్ల తొక్కలమీదను, పాత కుండల లోపలను సహజముగనే యుండును. చట్టము ఎదుర్కొనవలసి వచ్చిన కష్టమంతయు ఇక్కడనే యున్నది.

ఆబ్కారీ నుండి మద్యనిషేధమునకు

బ్రిటిషు ప్రభుత్వము సారాపై మొదట దృష్టి నిలిపినది ప్రజారోగ్యముకొరకు కాదు, ఆదాయముకొరకు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టము వచ్చినది. దాని ప్రకారము అనుమతిపత్రము లేనిదే ఎవరును సారా కాచరాదు, కల్లు గీయరాదు, అమ్మరాదు. పెద్ద బట్టీలలో తయారైన సారాపై సుంకము వేయుటయు, అంగళ్లను వేలము వేయుటయు ప్రభుత్వమునకు లాభకరములు. ఈ విధానములో ఇంటి బట్టీ ప్రభుత్వ సరుకుకు పోటీ యైనది. పల్లెవాడుకలో నున్న పని ఒకనాడు దొంగసారాగ మారినది. మారినది చట్టమే గాని రసాయనము కాదు.

1937లో రాజగోపాలాచారి మంత్రివర్గము దృష్టిని మార్చినది. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధము ఆరంభమైనది. 1938లో అది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించినది. పోయిన ఆదాయమునకు బదులుగ 1939లో అమ్మకపు పన్ను చట్టము వచ్చినది. తరువాత కాలమున దేశమంతట సామాన్యమైన ఆ పన్నుకు మన ప్రాంతములో మూలము ఇదియే. స్వాతంత్ర్యానంతరము, 1948 అక్టోబరు 2 నాటికి, నెల్లూరుతో సహా మద్రాసు రాష్ట్రమంతట నిషేధము అమలులోనికి వచ్చినది.

అంగడి మూతపడిన చోట బట్టీ లేచినది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన తరువాత ఈ పరిస్థితిని పరిశీలించుటకు ఎస్. వి. రామమూర్తి అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడినది. నిషేధము విఫలమైనదని, దానిని తీసివేయవలెనని ఆ సంఘము అభిప్రాయపడినది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. 1954 నవంబరులో ఈ విషయముపై శాసనసభలో వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒకే ఒక ఓటు ఆధిక్యతతో నెగ్గి, ప్రభుత్వము పడిపోయినది. ఆయినను నిషేధము ఆంధ్ర జిల్లాలలో 1969 వరకు కొనసాగినది. దానిని తొలగించిన పిమ్మట, 1968 నాటి ఆబ్కారీ చట్టము క్రింద సారా పాటలు మరల ఆరంభమైనవి. 1980ల దశకములో 'వారుణి వాహిని' అను పథకముతో ప్రభుత్వ సారా పొట్లములలో పల్లెపల్లెకు చేరినది.

ముడిసరుకుపై నిఘా

తయారైన సారాను పట్టుకొనుట కష్టము. తోటల మధ్యను, వాగుల ఒడ్డునను, పెరటిలోను కాచి, గంటలలో పంచివేయుదురు. అందుచేత అధికారుల చూపు క్రమముగ సారా నుండి దాని ముడిసరుకు వైపు మరలినది. నల్లబెల్లము, నవసారము, పటిక, తుమ్మచెక్క మొదలగు వస్తువులు ఎక్కడ పెద్ద మొత్తములో కనిపించినను ఆబ్కారీ శాఖ ఆరా తీయుట పరిపాటి యైనది. దాడులలో ధ్వంసము చేసిన బెల్లపు ఊట ఎన్ని లీటర్లో లెక్క చెప్పుట నేటికిని వార్తలలో చూచుచున్నాము.

కాని ఈ వస్తువులకు న్యాయమైన ఉపయోగములు కలవు. చెరకురసము సరిగ తేరనప్పుడు, లేక నేల గుణముచేత, బెల్లము నల్లబడును. రైతు దానిని పారవేయలేడు. అది పశువుల దాణాకు పనికివచ్చును. మేడారము జాతరలో భక్తులు అమ్మవార్లకు బెల్లమును 'బంగారము' అని పిలిచి మొక్కు చెల్లింతురు. నవసారము, అనగా అమోనియం క్లోరైడు, ఇత్తడి గిన్నెలకు కళాయి వేయువారి సంచిలో తప్పక యుండును. వేడి లోహముపైనున్న ఆక్సైడు పొరను అది తొలగించును గనుక తగరము చక్కగ అంటుకొనును. భౌతికశాస్త్ర పాఠములోని లెక్లాంషే ఘటములో గల ద్రావణము కూడ అదియే. పటికతో మడ్డినీటిని తేర్చుదురు. ఒకే వస్తువు ఒకచోట జీవనోపాధి, మరొకచోట నేరమునకు సాధనము. నల్లబెల్లము కలిగియుండుట మాత్రముచేత నేరమగునా అను ప్రశ్న హైకోర్టు ముందుకు పలుమారులు వచ్చుటకు కారణము ఈ ద్వంద్వ స్వభావమే.

ఇది తెలుగునాటికే ప్రత్యేకమైన చిక్కు కాదు. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధము అమలైనప్పుడు షికాగో నగరములో జెన్నా సోదరులు అను ముఠావారు పేద వలస కుటుంబముల వంటయిండ్లలో చిన్న బట్టీలు పెట్టించి, తయారైన మద్యమును సేకరించి అమ్మినారు. నిషేధము వచ్చిన తరువాత కాలిఫోర్నియాలో ద్రాక్షతోటలు తగ్గుటకు బదులు పెరిగినవి. మొక్కజొన్న చక్కెర ఉత్పత్తి అనేక రెట్లు హెచ్చినది. ద్రాక్షను, చక్కెరను నిషేధించుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాలేదు.

విషము ఎక్కడినుండి వచ్చును?

నాటుసారా త్రాగి పలువురు ఒకేసారి మరణించిన వార్త వచ్చినప్పుడు, బెల్లము పులియుటలోనే ఏదో విషము పుట్టినదని అనేకులు తలంతురు. సాధారణముగ ఇది సరికాదు. సామూహిక మరణములకు ముఖ్యకారణము మీథైల్ ఆల్కహాలు. పండ్లలోని పెక్టిన్ అను పదార్థమునుండి ఇది స్వల్పముగ పుట్టును. బెల్లములో పెక్టిన్ బహు తక్కువ గనుక బెల్లపు ఊటలో ప్రమాదకరమైనంత మీథైల్ ఆల్కహాలు పుట్టదు. అది బయటినుండి, కర్మాగారమునుండి, వచ్చి చేరును.

పూర్వము కొయ్యను మూసిన పాత్రలో కాల్చి ఈ ద్రవమును తీసెడివారు. నేడు ఎక్కువగ సహజవాయువునుండి తయారుచేయుచున్నారు. రంగులు, జిగురులు, ఫార్మాల్డిహైడు మొదలగువాని పరిశ్రమలకు ఇది అవసరము. చూపునకు, వాసనకు మామూలు ఆల్కహాలువలె నుండును. ధర తక్కువ. లాభాపేక్షతో దీనిని సారాలో కలుపుటయో, దీనినే సారా యని అమ్ముటయో జరిగినప్పుడు మరణములు సంభవించును. 1981లో బెంగుళూరులో 300 మందికి పైగా, 2009లో అహమ్మదాబాదులో 130 మందికి పైగా, 2024 జూనులో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా ఈ విధముగనే మరణించినారు.

శరీరములో జరుగునది ఇది. కాలేయములోని ఒక ఎంజైము మామూలు ఆల్కహాలును మార్చునట్లే మీథైల్ ఆల్కహాలును కూడ మార్చును. కాని దానినుండి మొదట ఫార్మాల్డిహైడు, పిదప ఫార్మిక్ ఆమ్లము ఏర్పడును. చీమ కుట్టినప్పుడు మంట పుట్టించు ఆమ్లమిదియే. ఇది కణములు ఆక్సిజనును వాడుకొను శక్తిని చెరచును. కంటి నాడి మొదట దెబ్బతినును, చూపు మసకబారును, పిమ్మట ప్రాణాపాయము కలుగును. ఈ మార్పునకు వ్యవధి పట్టును గనుక త్రాగిన 12 నుండి 24 గంటల వరకు మామూలు మత్తు తప్ప వేరొక లక్షణము కనిపింపకపోవచ్చును. ఈ వ్యవధిలోనే ఆస్పత్రికి చేర్చినచో రక్షింపవచ్చును. ఎంజైమును అడ్డగించు మందులు, క్షారము ఎక్కించుట, రక్తశుద్ధి అను చికిత్సలు కలవు. చూపు మసకబారినదని చెప్పిన మనిషిని మత్తులో మాట్లాడుచున్నాడని పడుకోబెట్టుటయే అనేక మరణములకు కారణము.

నిఘా ఫలించు చోటు

మీథైల్ ఆల్కహాలుకును బెల్లమునకును భేదము స్పష్టము. మొదటిది లెక్కింపదగినన్ని కర్మాగారములలో తయారై, ట్యాంకర్లలో కదలును. ప్రతి లీటరుకు లెక్క వ్రాయించుట సాధ్యము. 1919 నాటి విషపదార్థముల చట్టము దానిపై అదుపుకు అవకాశము కల్పించినది. రెండవది లక్షలాది రైతుల పొలములలో పుట్టి, ప్రతి ఇంట నుండును.

కర్మాగారపు ముడిసరుకుపై అదుపు ఎట్లు ఏర్పడినదో తెలుపు మరొక ఉదాహరణ తెలుగునాటనే కలదు. 1951లో హైదరాబాదులోని కేంద్ర ప్రయోగశాలలో ఇంద్రకిశోర్ కక్కర్, సయ్యద్ హుసేన్ జహీర్ అను శాస్త్రజ్ఞులు మిథాక్వలోన్ అను కొత్త పదార్థమును తయారుచేసినారు. 1955లో లక్నోలోని పరిశోధకులు దానికి నిద్ర పుట్టించు గుణమున్నదని ప్రకటించినారు. 1960ల దశకములో అది బ్రిటన్‌లో 'మాండ్రాక్స్' పేరుతోను, అమెరికాలో 'క్వాలూడ్' పేరుతోను నిద్రమాత్రగ అమ్ముడైనది. వ్యసనముగ మారుటచే 1980ల మధ్యకు అమెరికాలో దాని తయారీ నిలిచిపోయినది. మందుగ మాయమైనను దొంగచాటు సరుకుగ అది నిలిచినది. దక్షిణాఫ్రికా దానికి పెద్ద సంత యైనది. 2016లో రాజస్థాన్‌లోని ఉదయపూరులో 23 టన్నులకు పైగా ఈ మాత్రలు పట్టుబడినవి.

ఇట్టి పదార్థములకు ఈస్టు పనికిరాదు. తయారీకి నిర్దిష్టమైన కర్మాగార రసాయనములు కావలెను. అందుచేత 1988లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము మత్తుమందులతో పాటు వాని పూర్వగామి రసాయనముల పట్టికలను కూడ చేర్చినది. 1985 నాటి మన మాదకద్రవ్య చట్టమునకు 1989లో చేసిన సవరణ ఈ రసాయనములపై ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. 1993లో నియంత్రణ ఉత్తర్వు వచ్చినది, 2013లో కొత్త ఉత్తర్వు దాని స్థానమును ఆక్రమించినది. ఆస్పిరిన్ తయారీకి కావలసిన ఎసిటిక్ ఎన్‌హైడ్రైడు ఈ అదుపులో నున్నది. పరిశ్రమలు దానిని మానలేవు, కాని ఎంత కొన్నారో, ఎంత వాడినారో లెక్క చూపవలెను. ఈ అదుపు సంపూర్ణము కాదని ఉదయపూరు ఉదంతమే చెప్పుచున్నది. ఆయినను లెక్క యున్నచోట తప్పును కనుగొనుటకు దారి యుండును. బెల్లమునకు అట్టి లెక్క సాధ్యము కాదు.

అక్షరము చేసిన పని

చట్టమునకు అందని చోట మరేమి చేయవచ్చునో నెల్లూరు జిల్లా 1992లో చూపినది. 1990-91లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము నడచినది. జిల్లా యంత్రాంగముతోపాటు జన విజ్ఞాన వేదిక మొదలగు సంస్థల కార్యకర్తలు రాత్రి బడులు నిర్వహించినారు. వాచకములోని 'సీతమ్మ కథ' అను పాఠము సారా ఒక కుటుంబమును ఎట్లు కూల్చునో చెప్పినది. పగలంతయు కూలిచేసి సాయంకాలము పలక పట్టిన స్త్రీలకు అది తమ ఇంటి కథ యైనది. కూలి డబ్బులో సారా అంగడికి పోవునది ఎంత, పొయ్యిమీది కుండకు మిగులునది ఎంత అను లెక్క వారికి తెలిసినదే. ఆ లెక్క నలుగురిలో మాటలాడుకొనుటకు రాత్రి బడి చోటు ఇచ్చినది.

కలిగిరి మండలములోని దూబగుంటలో స్త్రీలు ఏకమై తమ ఊరిలో సారా అమ్మకమును నిలిపివేసినారు. వారిలో రోశమ్మ పేరు తరువాత ఊరి పేరుతో కలిసి 'దూబగుంట రోశమ్మ'గ ప్రసిద్ధమైనది. ఈ విజయకథ మరొక వాచకములో పాఠముగ వచ్చి ఇతర గ్రామములకు చేరినది. పాఠమునుండి ఉద్యమము, ఉద్యమమునుండి మరల పాఠము పుట్టినవి. 1992లో జిల్లాలో సారా పాటలు స్త్రీల ప్రతిఘటనచే మాటిమాటికి వాయిదా పడినవి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడి ఇతర మద్యములు మరల వచ్చినను సారాపై నిషేధము మాత్రము నిలిచినది.

ఈ ఉద్యమము మూయించినది ప్రభుత్వ సారా అంగడిని. అది మూతపడిన తరువాత నాటుసారా బట్టీలు అక్కడక్కడ మరల లేచినవి, నేటికిని పూర్తిగ అంతరింపలేదు. 1948లో జరిగినదే మరల జరిగినదని కొందరు అనవచ్చును. కాని ఒక భేదము కలదు. 1948లో నిషేధము పైనుండి వచ్చినది. 1993లో అది క్రిందినుండి వచ్చినది. పెరటిలోని బట్టీ పోలీసులకు తెలియకపోవచ్చును గాని పొరుగింటి స్త్రీలకు తెలియక మానదు. వారు వలదన్నచోట బట్టీకి చోటు దొరకుట కష్టము. బెల్లమును లెక్కింపలేని చట్టమునకు గ్రామము తానే కన్ను కాగలదు.

ఈ చరిత్రనుండి రెండు మార్గములు తేటపడుచున్నవి. మీథైల్ ఆల్కహాలు, పూర్వగామి రసాయనములు వంటి కర్మాగారపు సరుకుపై అదుపు ప్రభుత్వము చేయదగిన పని, అది సడలినచోట ప్రాణములు పోవును. ఇంటి బెల్లము, గాలిలోని ఈస్టు ప్రభుత్వపు అదుపునకు లొంగునవి కావు. అక్కడ పనిచేయునది తెలివిడి. కిణ్వన ప్రక్రియ ఉన్నత పాఠశాల పాఠ్యప్రణాళికలో నున్నది. 180 గ్రాముల గ్లూకోజు లెక్కతో పాటు, చూపు మసకబారిన మనిషిని ఆ గంటలోనే ఆస్పత్రికి చేర్చవలెనను మాట కూడ ఆ పాఠములో చెప్పదగినది. నెల్లూరులో ఒక వాచకపు పాఠము అంగళ్లను మూయించినది. రసాయనశాస్త్ర పాఠము కొన్ని ప్రాణములనైనను నిలుపవచ్చును.